బియ్యం ఏరే చోట ఫొటో



ఈ పూట మీకొక ఫొటో గురించి చెప్తాను. గొప్ప ఫొటో కాదు. నేను తీసి పాడుచేసిన ఫొటో.

నెల్లూరు సముద్రతీరాన, బకింగ్‌హాం కాలవకు దగ్గర్లో, ఒక చిన్న ఊళ్లో నేను ఫొటో స్టూడియో పెట్టుకుని బతికాను. రీలుకు 36 ఫొటోలు వచ్చే రోజులవి. మీట నొక్కిన ప్రతిసారీ డబ్బులు లెక్క చూసుకునేవాళ్లం. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, బోర్లాపడిన చంటిపిల్లలు. అదీ నా పని. దాంతోపాటు నాకింకో పిచ్చి ఉండేది. ఎడ్ల బండలాగుడు. ఏ తిరునాళ్లలో బండలాగుడు ఉందని విన్నా స్టూడియోకి తాళం వేసి బస్సెక్కేవాణ్ణి. కావలి దాటి ఉత్తరానికి పోయేకొద్దీ ఈ పిచ్చి నాకొక్కడికే కాదు, ఊళ్లకు ఊళ్లనే పట్టుకుని ఉంటుంది.

బండలాగుడు ఎప్పుడూ చూడనివాళ్లకు ఒక్క మాట. పొడుగ్గా చదును చేసిన బరి ఉంటుంది. పెద్ద రాతిబండ ఉంటుంది. ఆ బండను కాడికి తగిలిస్తారు. కాడి కింద ఒక ఎడ్ల జత. ఇచ్చిన నిమిషాల్లో ఆ జత బండను ఎంత దూరం లాగిందో అడుగుల్లో కొలుస్తారు. వయసును బట్టి పోటీలు వేరుగా పెడతారు. వయసు ఎట్లా తెలుస్తుంది? పళ్లను బట్టి. రెండు పళ్ల జత, నాలుగు పళ్ల జత, ఆరు పళ్ల జత. ఇక మైకులో అరుపులు, దుమ్ము, ఈలలు. అది మాటల్లో చెప్పేది కాదు.

ఒక శ్రీరామనవమి తిరునాళ్లలో, ఆ దుమ్ములో, ఒక పెద్దాయన కనిపించాడు. తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. గుబురు మీసం. భుజాన పగ్గం. పక్కన తెల్లటి ఒంగోలు ఎద్దు. దాని మూపురం ఆయన మీసం ఎత్తున ఉంది. "పెద్దాయనా, ఒక ఫొటో తీసుకుంటాను" అన్నాను. ఆయన మీసం సవరించుకున్నాడు. ఎద్దు మెడ మీద చెయ్యేశాడు. నిలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. నడి బరి. కావలసినంత వెలుగు ఉంది, ఇంకేం కావాలి అనుకుని నొక్కేశాను.

ఇంటికొచ్చి రీలు కడిగాను. ప్రింటు వేశాను. ఎద్దు సున్నం కొట్టిన గోడలాగా తెల్లగా వచ్చింది. పెద్దాయన కళ్లు ఉండాల్సిన చోట రెండు నల్లటి గుంటలు. ముక్కు కింద ఒక నల్లటి మరక. అది మీసమో, నీడో తెలియదు.

సిగ్గు లేకుండా ఆ ప్రింటునే తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాను. ఆయన చూశాడు. కొంచెం దూరంగా పట్టుకుని మళ్లీ చూశాడు. కోప్పడలేదు. మెల్లగా అన్నాడు:

"ఎద్దు పడింది నాయనా. నేను యాడున్నా?"

ఆయన అడిగిన మాటకు జవాబు చెప్పడానికే ఇవాళ మీ ముందుకు వచ్చాను. మనిషి ఫొటో తీస్తే అందులో మనిషి కనపడాలి. అది ఎట్లా? ఒకే ఒక్క ఉపాయం చెప్తాను. మీ చేతిలో ఫోనుంటే చాలు. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

ముందు నేను చేసిన తప్పేమిటో చూద్దాం.

శ్రీరామనవమి నాటికి మధ్యాహ్నం సూర్యుడు నెల్లూరు వాళ్ల నడినెత్తికి దాదాపు వచ్చేస్తాడు. ఏప్రిల్ నెలాఖరుకైతే సరిగ్గా నెత్తిమీదే ఉంటాడు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మీరు వాకిట్లో నిలబడితే మీ నీడ మీ పాదాల కిందికే వస్తుంది. వెలుగు పైనుంచి నిట్టనిలువుగా పడుతుంది. ఇంటికి చూరు ఎట్లాగో కంటికి కనుబొమ అట్లాగ. పైనుంచి ఎండ పడితే చూరు కింద అరుగు మీద నీడ పడుతుంది కదా. కనుబొమ కింద కన్ను కూడా అట్లాగే నీడలోకి పోతుంది. ముక్కు నీడ మీసం మీద, గడ్డం నీడ మెడ మీద పడతాయి. మన కంటికి ఇది అంతగా తెలియదు. కన్ను సర్దుకుంటుంది. కెమెరాకు ఆ సర్దుబాటు తక్కువ. దాని లెక్క ప్రకారం ఎండలో ఉన్నది తెలుపు, నీడలో ఉన్నది నలుపు.

ఎండ ఎక్కువైతే ఫొటో బాగా వస్తుందనుకోవడం, ఉప్పు ఎక్కువైతే కూర రుచిగా ఉంటుందనుకోవడం లాంటిదే. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను.

మరి మంచి వెలుగు ఎక్కడుంటుంది? ఆ సంగతి నాకు ఏ ఫొటో పుస్తకంలోనూ దొరకలేదు. మా అవ్వ దగ్గర దొరికింది.

మా అవ్వ రోజూ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేది. ఎక్కడ కూర్చునేదో తెలుసా? వాకిట్లో ఎండలో కూర్చునేది కాదు. ఎండలో బియ్యం మెరిసిపోయి రాయేదో గింజేదో తెలియదు. నట్టింట్లో కూర్చునేది కాదు. అక్కడ చీకటి. పంచలో, గడపకు ఇవతల, వాకిలి వైపు తిరిగి కూర్చునేది. నెత్తిన ఎండ లేదు. వీపు వెనక ఇంటి చీకటి. ఎదురుగా వాకిలి, దానిపైన ఇంతెత్తున ఆకాశం. వెలుగంతా ముందునుంచి మెత్తగా వచ్చి చేటలో పడేది. బియ్యం గింజంత తెల్లరాయి కూడా ఆమె వేలికి దొరికిపోయేది. చత్వారం వచ్చాక కూడా.

ఒకరోజు నేను వాకిట్లో నుంచి లోపలికి వస్తూ ఆమె ముఖం చూశాను. ప్రతి ముడతా కనపడుతోంది. ఏ ముడతా నల్లగా లేదు. ఇంకాస్త దగ్గరికి పోయి చూస్తే ఆమె కంటిపాపల్లో మా వాకిలి కనపడింది. చిన్న తెల్లటి చదరం. ఆ చదరంలో నల్లగా నేను.

అప్పుడు తెలిసింది. బియ్యం ఏరే చోటే ఫొటో తీసే చోటు.

ఇదే ఇవాళ్టి ఉపాయం. ఇంకోసారి చెప్తాను. మనిషిని ఎండలోనుంచి నీడలోకి పిలవండి. మరీ లోపలికి కాదు, నీడ అంచుకు. వీపు చీకటికి, ముఖం వెలుగుకు ఉండేట్టు నిలబెట్టండి. మీరు వెలుగు వైపు నిలబడి తీయండి. బియ్యం ఏరే చోటే ఫొటో తీసే చోటు.

మీ ఊళ్లో చూడండి. ఈ కిటుకు పనివాళ్లందరికీ తెలుసు. చెట్టుకింద గడ్డం గీసే ఆయన కుర్చీని ఎటు తిప్పి వేస్తాడు? ముఖం బయటి వెలుగుకు ఉండేట్టు వేస్తాడు. ఒక్క వెంట్రుక తప్పినా ఆయన పని చెడినట్టే. దర్జీ సూదిలో దారం ఎక్కించాలంటే గడప దగ్గరికి వస్తాడు. కంసాలి కొట్లో ముందువైపే కూర్చుంటాడు. వీళ్లెవరూ ఫొటోగ్రాఫర్లు కాదు. సన్నటి పని చేసేవాళ్లు. ముఖం కూడా సన్నటి పనే కదా.

ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకోకండి. ప్రపంచానికి అవతలి వైపు, అమెరికాలో, పశువుల కాపరులు ఆడే ఆట ఒకటుంది. రోడియో అంటారు. చిన్న చిన్న ఊళ్లలో, మన తిరునాళ్లలాగే, చుట్టూ కంచె వేసి ఆడతారు. పొగరుబోతు ఎద్దు మీద ఎక్కి, ఒక్క చేత్తో తాడు పట్టుకుని, ఎనిమిది సెకన్లు పడిపోకుండా ఉండాలి. ఎనిమిది సెకన్లే. నేను ఈ మాట మీకు చెప్పడానికి పట్టిన సమయం కంటే తక్కువ. ఆ కౌబాయిలు వెడల్పాటి అంచున్న టోపీ పెట్టుకుంటారు. మన పెద్దాయనకు కనుబొమ ఒక్కటే చూరు. వాళ్లకు కనుబొమ పైన ఆ టోపీ ఇంకో చూరు. మధ్యాహ్నం ఎండలో కౌబాయిని ఫొటో తీస్తే టోపీ, గడ్డం కనపడతాయి. మధ్యలో మనిషి ఉండడు.

ఆ రోడియో బరిలో మనకో చుట్టం ఉంది. అది చెప్పకుండా ముందుకు పోలేను.

రోడియోల్లో ఎగిరెగిరి మనుషుల్ని పడేసే ఎద్దుల్లో చాలావాటికి బ్రాహ్మన్ అనే జాతి రక్తం ఉంటుంది. మూపురం, వేలాడే గంగడోలు చూస్తే పోల్చుకోవచ్చు. ఆ జాతిని అమెరికావాళ్లు మన దేశపు పశువులనుంచే తయారుచేసుకున్నారు. గుజరాత్ పశువులు, గిర్ పశువులు, కృష్ణా లోయ పశువులు, వాటితోపాటు నెల్లూరు పశువులు. అవును, నెల్లూరు. మనం ఒంగోలు జాతి అంటాం. ప్రపంచం నెల్లూరు అంటుంది. ఎందుకంటే ఆ ఎద్దులు ఓడలెక్కిన రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డప్పుడు ఒంగోలు అటు పోయింది. 1970లో ఇప్పుడు ప్రకాశం అంటున్న జిల్లా ఏర్పడింది. కందుకూరు, కనిగిరి, పొదిలి అప్పటిదాకా మన జిల్లావే. జిల్లాల గీతలు ఇటూ అటూ జరిగాయి. ఓడెక్కిన పేరు మాత్రం మారలేదు.

బ్రెజిల్లో ఆ పేరు ఇంకా గట్టిగా నిలిచింది. 1868లో మన జాతి ఎద్దూ ఆవూ ఉన్న ఓడ ఒకటి బ్రెజిల్ రేవు సాల్వడార్‌లో ఆగిందనీ, ఆ జతను అక్కడే అమ్మేశారనీ చెప్తారు. పదేళ్ల తర్వాత, 1878లో, లెంగ్రూబర్ అనే బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలనుంచి ఒక జతను కొని తీసుకుపోయాడు. ఇప్పుడు ఆ దేశపు మేత బీళ్లలో కోట్ల కొద్దీ నెలోర్ పశువులున్నాయి. నెలోర్ అంటే మన నెల్లూరే. 1960ల మొదట్లో తీసుకుపోయిన ఒక ఆబోతు పేరైతే కర్వాది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. ఊరి పేరు పెట్టుకుని పోయిన ఆబోతు అక్కడ వంశకర్త అయింది. బ్రెజిల్లోనూ పెద్ద రోడియో ఉంది. బారెటోస్ అనే ఊళ్లో 1956 నుంచీ ఏటా జరుగుతోంది. నెల్లూరు పేరు ఇంత దూరం పోయిందని నెల్లూరులో బస్సు దిగి అడిగితే సగం మందికి తెలియదు. అది నాకు కొంచెం బాధ. సరే, దారి తప్పాను. వెలుగు దగ్గరికి వద్దాం.

1979లో రిచర్డ్ అవెడన్ అనే ఫొటోగ్రాఫర్ అమెరికా పడమటి రాష్ట్రాలకు బయలుదేరాడు. న్యూయార్కులో ఫ్యాషన్ ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్నవాడు. ఈసారి అందగత్తెల్ని తీయలేదు. కౌబాయిలు, గని కార్మికులు, లారీ డ్రైవర్లు, పనిలేక తిరిగేవాళ్లు. టెక్సస్‌లో స్వీట్‌వాటర్ అనే చిన్న ఊళ్లో గిలకపాములు పట్టి తెచ్చే జాతర జరుగుతుంది. పని అక్కడ మొదలుపెట్టాడు. 1984 దాకా తిరిగాడు. 750 మందికి పైగా ముఖాలు తీశాడు. 1985లో ఫోర్ట్‌వర్త్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియంలో ప్రదర్శించారు.

ఆయన దగ్గర ఎంత పెద్ద లైట్లున్నాయో అనుకుంటున్నారా? ఒక్కటీ లేదు. ఒక పెద్ద తెల్ల కాగితం తీసుకుపోయేవాడు. ఏదో గోడకో, ట్రైలరు పక్కకో, నీడలో దాన్ని అంటించేవాడు. దాని ముందు మనిషిని నిలబెట్టేవాడు. ఎండ తగలని చోట, ఆకాశం వెలుగులో తీసేవాడు. అంతే. అంత పేరున్నవాడు అంత దూరం పోయి చేసింది మా అవ్వ పంచలో చేసిందే. ఆమె చేతిలో చేట ఉంది, ఆయన దగ్గర పెద్ద కెమెరా ఉంది.

ఒక్క మాట నిజం చెప్పాలి. అవెడన్ ఫొటోలు నాకు పూర్తిగా నచ్చవు. ఆ తెల్ల కాగితం వెనకున్న ఊరినంతా తుడిచేసింది. మనిషి ఒంటరిగా, కోర్టులో నిలబెట్టినట్టు ఉంటాడు. మన ఎడ్ల మనిషిని ఊళ్లోనుంచి విడదీయకూడదు. ఆయన వెనక కొట్టం గుంజ ఉండాలి. గుంజకు కట్టిన పలుపు ఉండాలి. వెలుగు మాత్రం అవెడన్ పద్ధతిలోనే చూసుకోండి.

ఇప్పుడు బండలాగుడు బరి దగ్గరికి పోదాం. మీరు ఫోను పట్టుకుని నిలబడ్డారు. ఎండ మండుతోంది. నీడ ఎక్కడ?

అన్నిటికన్నా మంచి నీడ ఎడ్లను దింపిన లారీ పక్కన దొరుకుతుంది. ఈ రోజుల్లో ఎడ్లు నడిచి రావు కదా, లారీల్లో వస్తాయి. పొద్దున పది గంటలప్పుడు లారీకి పడమటి పక్క చక్కటి నీడ ఉంటుంది. సాయంత్రం నాలుగప్పుడు తూర్పు పక్క. నీడ అంచున మనిషిని లారీకి వీపు పెట్టి నిలబెట్టండి. ముఖం మీద ఆకాశం వెలుగు పడుతుంది. ఎడ్ల మనిషి కూడా ఆ లారీ దగ్గరే ఉంటాడు, వేరే చోటికి రమ్మని బతిమాలాల్సిన పని లేదు.

షామియానా కింద తీయకండి. ఎందుకో చెప్తాను. ఆ గుడ్డ ఎర్రదయితే వెలుగు కూడా ఎర్రగా దిగుతుంది. అందరి ముఖాలూ దద్దుర్లు వచ్చినట్టుంటాయి. నీలం పట్టా కిందయితే చలికి బిగుసుకుపోయినట్టుంటాయి. నీడకు రంగు ఉంటుంది. తెల్ల గోడ నీడ, లారీ నీడ, తాటాకు పంచ నీడ ఫర్వాలేదు.

మరి చెట్టు నీడ? చెట్టును బట్టి. చింతచెట్టు నీడ చిక్కన. బాగుంటుంది. వేపచెట్టయితే ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ముఖం మీద బొబ్బలు లేచినట్టు కనపడుతుంది. మన తీరాన సరుగుడు తోపులు ఎక్కువ. సరుగుడు నీడ జల్లెడ నీడ. పడుకోవడానికి బాగుంటుంది, ఫొటోకు పనికిరాదు. కొబ్బరిమట్ట పందిరి కింద ముఖం మీద చారలు పడతాయి. నీడలో నిలబెట్టాక మనిషి ముఖం మీద ఎండ చుక్క ఒక్కటైనా ఉందేమో చూడండి. ఉంటే ఒక అడుగు జరపండి.

ఆ తర్వాత కళ్లు చూడండి. కంటిపాపలో చిన్న తెల్లటి వెలుగు కనపడుతోందా? మా అవ్వ కంట్లో వాకిలి కనపడినట్టు? కనపడితే మీరు సరైన చోట ఉన్నట్టే. కనపడకపోతే ఆయన్ను కొంచెం వెలుగు వైపుకు తిప్పండి.

ఇవన్నీ గుర్తుండకపోతే ఒక్కటే గుర్తుపెట్టుకోండి. బియ్యం ఏరే చోటే ఫొటో తీసే చోటు.

తీరం వాళ్లకు ఇంకో వరం ఉంది. ఉప్పు. ఇస్కపల్లి వైపు ఉప్పుమడులు చూశారా? ఉప్పు రాశి పక్కన పనిచేసే మనిషి ముఖం చూడండి. గడ్డం కింద కూడా వెలుగు ఉంటుంది. తెల్లటి ఉప్పు వెలుగును కిందినుంచి పైకి తిప్పి కొడుతుంది. బరి దగ్గర ఉప్పు రాశి ఉండదు. మీ పక్కనున్న కుర్రాణ్ణి పిలవండి. తెల్ల పంచెను మడిచి, మనిషి నడుము ఎత్తున, వెలుగు పడేట్టు పట్టుకోమనండి. కళ్ల కింద నలుపు తగ్గుతుంది. ఫొటోలో పంచె కనపడకుండా చూసుకోండి. నాకు రెండుమూడు సార్లు కనపడింది.

ఇక ఎద్దు సంగతి. అసలు చిక్కంతా ఎద్దు దగ్గరే ఉంది.

ఒంగోలు ఎద్దు తెల్లటిది. ఎండలో తిరిగే మనిషి నల్లటివాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఫోను ఎద్దును చూసి, అబ్బో ఇక్కడ వెలుగు ఎక్కువైంది అనుకుంటుంది. ఫొటోను తగ్గిస్తుంది. దాంతో మనిషి ముఖం చీకటిలోకి పోతుంది. నా పెద్దాయనకు జరిగింది కొంత అదే. రీలు కెమెరా అయినా, ఇప్పటి ఫోనయినా ఎద్దు తెలుపు చూసి మోసపోతాయి. అందుకని ఇద్దరినీ నీడలోకి తీసుకోండి. నీడలో తెలుపూ నలుపూ దగ్గరికి వస్తాయి. తర్వాత ఫోను తెర మీద మనిషి ముఖాన్ని వేలితో తాకండి. ఎద్దును కాదు, ముఖాన్ని. చాలా ఫోన్లలో పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది. దాన్ని పైకీ కిందికీ జరిపితే ఫొటో వెలుగు మారుతుంది. ముఖం సరిగ్గా కనపడేదాకా జరపండి. ఎద్దు కొంచెం తెల్లబోతే పోనివ్వండి. దాని వెంట్రుకలు కనపడకపోయినా అది బాధపడదు.

మరీ దగ్గరికి పోయి తీయకండి. ఇత్తడి చెంబులో ముఖం చూసుకున్నారా ఎప్పుడైనా? ముక్కు ఇంతై, చెవులు వెనక్కి పోతాయి. ఫోను దగ్గరగా పెడితే అంతే. నాలుగడుగులు వెనక్కి పోండి. ఫోన్లో రెండింతలు చేసే మీట ఉంటే అది నొక్కండి.

ఫ్లాషు వేయకండి. ఇది గట్టిగా చెప్తున్నాను. కళ్లముందు మెరుపు మెరిస్తే ఎద్దు బెదురుతుంది. బెదిరిన ఒంగోలు ఎద్దును ఆపడం ఎవరి తరమూ కాదు. దాని ఎదురుగా పోవద్దు, వెనగ్గా పోవద్దు. యజమాని పగ్గం పట్టుకుని ఉండగా, ఆయన ఉన్న వైపునే ఉండండి. చంద్రగిరి దగ్గర రంగంపేటలో కనుమ పండక్కి పశువుల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు. కుర్రాళ్లు మీదపడి ఆ పలకల్ని లాక్కుంటారు. మన వైపు రోడియోకు దగ్గరగా ఉండేది అదే. అక్కడ వీధిలోకి దిగి ఫొటో తీయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. మిద్దెమీదే ఉన్నాను.

ఈ ఆటల మీద వాదన ఉందని మీకు తెలుసు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునూ, ఎడ్ల బండి పందేలనూ ఆపమంది. 2023లో అదే కోర్టు ఈ ఆటలను అనుమతిస్తూ తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను నిలబెట్టింది. ఆ వాదనలో నేను తీర్పు చెప్పను. చెర్నాకోల ఎత్తినవాడి ఫొటో మాత్రం నేను తీయను. పోటీ అయిపోయాక ఎద్దు నోటి నురగ తుడిచేవాణ్ణి తీస్తాను.

మనిషిని నిలబెట్టాక ఇంకో ఇబ్బంది వస్తుంది. బిగుసుకుపోతాడు. నవ్వమంటే ఇంకా బిగుసుకుంటాడు. నవ్వమని అడగకండి. "ఎన్ని పళ్లు?" అని అడగండి. ఎద్దుకు. అంతే, ఆయన ముఖం విచ్చుకుంటుంది. ఎక్కడ కొన్నాడో, ఉలవలు ఎన్ని పెడతాడో, పోయినేడు ఏ ఊళ్లో ఎన్ని అడుగులు తక్కువ పడ్డాయో అన్నీ చెప్తాడు. ఆ చెప్పేటప్పుడు తీయండి. చేతులు ఏం చేయాలో తెలియకపోతే పగ్గం ఇవ్వండి. లేదా తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకోమనండి.

అమ్మలు వింటుంటారు కాబట్టి ఇదీ చెప్తాను. గెలిచిన జత ఫొటోలో యజమాని ఉంటాడు, తోలినవాళ్లు ఉంటారు, బహుమతి ఇచ్చిన నాయకుడు ఉంటాడు. తెల్లవారుజామున లేచి ఆ ఎద్దులకు కుడితి కలిపిన ఆవిడ ఉండదు. ఆమె బరి దగ్గరికే రాదు. ఆమెను ఫొటో తీయాలంటే మీరే వాళ్లింటికి పోవాలి. అక్కడ మీకు లారీ నీడ అక్కర్లేదు. పంచ ఉంటుంది. పంచలో చేట కూడా ఉంటుంది.

మళ్లీ నా పెద్దాయన దగ్గరికి వస్తాను.

ఆ తర్వాత సంక్రాంతికి ఇంకో పోటీలో ఆయన కనపడ్డాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. "మళ్లీ వచ్చినావా?" అన్నాడు. "ఈసారి మిమ్మల్ని తీస్తాను" అన్నాను. లారీ పక్కకు పిలిచాను. ఎద్దును నీడలోకి లాక్కొచ్చాడు. నేను వెలుగు వైపు నిలబడ్డాను. ఆయన కళ్లల్లో వెలుగు చుక్కలు చూసుకున్నాను. ఎద్దు పళ్ల గురించి అడిగాను. నాలుగు ఫొటోలు తీశాను. 36 లో నాలుగు. నాకు అది ఎక్కువే.

నెల తర్వాత ప్రింటు తీసుకుని వాళ్ల ఊరికి పోయాను. ఆయన పంచలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. ప్రింటు చేతికిచ్చాను. తీసుకుని, మంచం మీదనుంచి లేచి, గడప దగ్గరికి వచ్చి, వెలుగుకు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. ఎద్దు గురించి ఏమీ అనలేదు. కుడికంటి దగ్గర వేలు పెట్టాడు.

"ఈ కన్ను రోంత చిన్నదని మా ఆడమనిషి ఎప్పుడూ అంటానే ఉండేది" అన్నాడు. "నిజమే."